శూన్య జిల్లాలో పన్నెండు మిల్లీమీటర్లు

సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకి, జిల్లా మహిళా ఆరోగ్య రక్షణ పథకం కార్యాలయంలో, రొమ్ము క్యాన్సర్ పరీక్షల వ్యానులో ఉన్న యంత్రం పనిచేసిందన్న భయంకరమైన సంగతి బయటపడింది.

మొదట చూసినవాడు సూపరింటెండెంటు భావన్నారాయణ. ఆయన టపా విప్పుతున్నాడు. మూడో కవరు పట్నంలోని పెద్దాసుపత్రి నుంచి వచ్చింది. చదివాడు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివాడు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన ఏ కాగితాన్నీ రెండుసార్లు చదవలేదు. మరుక్షణం ఆయన ఆఫీసరుగారి గదిలో ఉన్నాడు.

"సార్, ఒకటి దొరికింది."

"ఏం దొరికింది?"

"గడ్డ సార్."

జిల్లా పథకాధికారి డాక్టర్ పురంధరరావు చేతిలో టీకప్పు గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరికి?"

"ఏనుగులదిన్నెలో తిరుపాలమ్మ అనే ఆవిడకి. నలభై ఆరేళ్లు. ఎడమ రొమ్ములో. పన్నెండు మిల్లీమీటర్లు."

"దొరకడమేమిటయ్యా? మనం చేసేది పరీక్షలు మాత్రమే కదా!"

"అదే సార్, నాకూ అంతుపట్టడం లేదు."

పురంధరరావు లేచి వెళ్లి తలుపు గడియ వేసి వచ్చాడు. కిటికీ కూడా మూశాడు. కాగితాన్ని అంచు పట్టుకుని, పేలిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

ఆయన భయానికి కారణం ఉంది. అది తెలియాలంటే ఎనిమిది నెలలు వెనక్కి వెళ్లాలి.

ఎనిమిది నెలల కిందట ఆ జిల్లాకి గులాబిరంగు వ్యాను ఒకటి వచ్చింది. దాని పేరు ముందుచూపు రథం. లోపల మామోగ్రామ్ తీసే ఖరీదైన యంత్రం, దానికి కంప్యూటరు, యంత్రాన్ని నడపడానికి జనరేటరు. ఊరూరా తిరిగి ఆడవాళ్లకి పరీక్షలు చేసి, జబ్బు చేతికి తగలకముందే పసిగట్టడం దాని పని. ప్రారంభోత్సవం రోజున వేదిక మీద కూలర్లు తిరగడానికి జనరేటరు కావలసి వచ్చి, వ్యానులోంచి దించారు. సభ అయ్యాక దాన్ని తాత్కాలికంగా ఆఫీసరుగారి గది వెనక పెట్టారు. కరెంటు పోయినప్పుడల్లా ఆఫీసరుగారి ఏసీ ఆగిపోతోంది. ఏసీ ఆగితే సంతకాలు ఆగిపోతున్నాయి. కాబట్టి ప్రజాప్రయోజనం దృష్ట్యా జనరేటరు అక్కడే ఉండటం మంచిదని ఒక ఫైలు మొదలైంది. ఆ ఫైలు ఇంకా నడుస్తోంది. జనరేటరూ నడుస్తోంది.

వ్యాను మాత్రం షెడ్యూలు ప్రకారం ఊళ్లు తిరిగింది. రోజుకి తొంభై మంది. యంత్రానికి త్రీఫేజ్ కరెంటు కావాలి. ఊరి వీధుల్లో ఉండేది సింగిల్ ఫేజ్. మొదటి వారంలోనే వ్యాను రేడియోగ్రాఫర్ సువార్త అనే అమ్మాయి, కరెంటు లేకుండా పరీక్ష ఎలా చెయ్యాలో సెలవియ్యమని ఉత్తరం రాసింది. వారం తిరక్కుండా జవాబు వచ్చింది: "పరీక్షా ప్రక్రియలో విద్యుత్తు అనేక అంగములలో ఒక అంగము మాత్రమే. తక్కిన అంగములను యథావిధిగా నిర్వహించి నివేదిక పంపవలెను."

సువార్త తక్కిన అంగాలను యథావిధిగా నిర్వహించింది. పేరు రాసుకుంది. నిలబెట్టింది. బటను నొక్కింది. స్క్రీను వంక చూసింది. స్క్రీను మీద ఏమీ లేదు. రిజిస్టరులో "ఏమీ కనబడలేదు" అని రాసింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఎనిమిది నెలల్లో పద్దెనిమిది వేల ఆరు వందల నలభై మంది. ఒక్కరికీ ఏమీ కనబడలేదు.

మిగతా జిల్లాల వాళ్లు నెలకి పదీ ఇరవై కేసులు కనుక్కుని తలదించుకుంటున్నారు. ఈ జిల్లాలో సున్నా. రాజధానికి ఈ సున్నా కనబడింది. మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. తర్వాత రెండు జిల్లాల నుంచి అధ్యయన బృందాలు వచ్చి, వ్యానుకి మూడు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని వెళ్లాయి. పురంధరరావు ఒక సదస్సులో "పరీక్ష ద్వారా వ్యాధి నిర్మూలన" అనే అంశం మీద నలభై నిమిషాలు మాట్లాడాడు. చివరికి, వచ్చే శుక్రవారం ఉదయం పదిన్నరకి మంత్రిగారు స్వయంగా వచ్చి, దీన్ని దేశంలోనే మొదటి "శూన్య జిల్లా"గా ప్రకటించడానికి ముహూర్తం కుదిరింది. ఆవరణలో గులాబిరంగు తోరణం లేచింది. రెండు వందల మంది ఉద్యోగినులు గులాబి చీరల్లో సున్నా ఆకారంలో నిలబడటం సాధన చేస్తున్నారు. ఫలహారంలోకి బూరెలా గారెలా అని రెండు రోజులు చర్చించి, మధ్యలో చిల్లు ఉంటుంది కాబట్టి గారెలు అని తీర్మానించారు.

ఇప్పుడు, సభకి నాలుగు రోజుల ముందు, పన్నెండు మిల్లీమీటర్లు.

పురంధరరావు పెద్దాసుపత్రికి ఫోను చేశాడు. ఆ నివేదిక రాసిన డాక్టర్ అంబుజం దొరికింది.

"మేడమ్, ఇది మీరు మనస్ఫూర్తిగా రాసిందేనా?"

"మీ వ్యాను నుంచి వచ్చిన బొమ్మ చూసి రాశానండీ. ఇన్ని నెలల్లో మీ జిల్లా నుంచి బొమ్మలు రావడం ఇదే మొదటిసారి. ఒక్కరోజులోనే నలభై రెండు వచ్చాయి. నలభై ఒకటి బాగానే ఉన్నాయి. ఇది ఒక్కటీ అనుమానంగా ఉంది."

"అనుమానమే కదా! అనుమానాన్ని అనుమానంగానే వదిలెయ్యవచ్చు కదా!"

"వదలకూడదు. క్యాన్సరా కాదా అన్నది సూదిపరీక్ష చేస్తేగానీ తేలదు. అయితే నా అనుమానం గట్టిదే. ఒకవేళ అదే అయినా ఇంత చిన్నప్పుడు దొరకడం ఆవిడ అదృష్టం. చేతికి కూడా తగలదు. వెంటనే మొదలుపెడితే పూర్తిగా నయమయ్యే అవకాశాలు చాలా ఎక్కువ. వెంటనే పంపించండి."

పురంధరరావు రిసీవరు మీద చెయ్యి అడ్డంపెట్టి భావన్నారాయణ వంక చూశాడు. భావన్నారాయణ అప్పటికే కాగితం మీద లెక్క వేస్తున్నాడు.

"సార్, పన్నెండు మిల్లీమీటర్లంటే కిలోమీటర్లలో సున్నా దశాంశం సున్నా సున్నా సున్నా సున్నా ఒకటి రెండు. మన నివేదికల్లో దశాంశం తర్వాత రెండు స్థానాలే రాస్తాం. రెండు స్థానాలకి సరిచేస్తే సున్నా."

పురంధరరావు ముఖం వెలిగింది. "మేడమ్! కొలత కిలోమీటర్లలో రాసి పంపగలరా?"

అవతల నుంచి ఎదురు ప్రశ్న వచ్చింది.

"మీరు డాక్టరేనా అండీ?"

"ఒకప్పుడు. ఇప్పుడు పరిపాలనలో ఉన్నాను."

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

మంగళవారం పొద్దున్నే తిరుపాలమ్మ వచ్చింది. సంగతి ఆమెకి సువార్త ఫోను చేసి చెప్పింది. తిరుపాలమ్మ ఏనుగులదిన్నెలో జాకెట్లు కుడుతుంది. భర్త పోయి ఆరేళ్లయింది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల ఆడవాళ్లందరి కొలతలూ ఆమెకి నోటికి వచ్చు. ఆ రోజు వాళ్లని పోగుచేసి వ్యాను దగ్గరికి తోలుకొచ్చింది కూడా ఆమే. మెడలో టేపు తియ్యడం మరిచిపోయి అలాగే బస్సెక్కి వచ్చేసింది.

"అయ్యా, పెద్దాసుపత్రికి ఉత్తరం ఇస్తారంట గదా. ఇప్పిస్తే ఇట్టాగే పట్నం బస్సుకి పోతా."

"కూర్చోండి అమ్మా. నొప్పి ఉందా?" అని అడిగాడు పురంధరరావు ఆప్యాయంగా.

"లేదండీ."

"చేతికి ఏమైనా తగులుతోందా?"

"తగల్లేదండీ. ఎంత వెతుక్కున్నా తగల్లేదు."

"మరి ఇంకేం! మీకు లేదు, మాకు లేదు. ఎక్కడో పట్నంలో ఉన్న డాక్టరమ్మకి ఉంటే ఆవిడ చూసుకుంటుంది."

"బాగుందండీ వరస! చేతికి తగిలిందాకా ఆగేటట్టయితే మీ వ్యాను దేనికి? ఆ చెయ్యేదో మా ఇళ్లల్లోనే ఉండె గదా."

పురంధరరావు భావన్నారాయణ వంక చూశాడు. భావన్నారాయణ రెండో దారి పట్టాడు.

"అమ్మా, మీరు పుట్టిందెక్కడ?"

"ఏటవతల. పెళ్లయినాక ఇవతలకొచ్చా."

"సార్! ఏటవతల అంటే పక్క జిల్లా. స్వస్థలం ప్రకారం ఈ కేసు వాళ్లదవుతుంది."

"గడ్డకి స్వస్థలం ఏందయ్యా?" అంది తిరుపాలమ్మ. "నేనంటే అక్కడ పుట్టా. ఇది పుట్టింది ఇక్కడ, పెరగతా ఉంది ఇక్కడ. మీ జిల్లా బియ్యమే తింటా ఉంది. ఉత్తరం ఇయ్యండి, దాని సంగతి నేను చూసుకుంటా."

అప్పుడు భావన్నారాయణ బీరువా తెరిచి నమూనా ఏడు అనే ఫారాల పుస్తకం తీశాడు. ఎనిమిది నెలలుగా ఎవరూ తాకని పుస్తకం. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఈ ఫారం మీద సంతకం, ముద్ర ఉంటేనే పెద్దాసుపత్రిలో ఉచిత వైద్యం. లేకపోతే లేదు. తిరుపాలమ్మకి ఇంకో దారి లేదు. ఆమె ఆస్తంతా ఒక కుట్టుమిషను.

ఫారంలో పదిహేను గడులు. భావన్నారాయణ గబగబా నింపుకుంటూ వెళ్లి పన్నెండో గడి దగ్గర ఆగాడు.

"సార్. వ్యాధిని కనుగొన్న ఉద్యోగి పేరు, హోదా."

పురంధరరావు ఫారాన్ని తన వైపు తిప్పుకుని ఆ గడిని చూశాడు.

ఈ గడిని పెట్టిన ఉద్దేశం మంచిదే. జబ్బుని ముందే కనుక్కున్న ఉద్యోగికి ప్రశంసాపత్రం ఇవ్వాలని పెట్టారు. కానీ జిల్లా సున్నా వైపు నడవడం మొదలయ్యాక పురంధరరావు ఒక సర్క్యులరు జారీచేశాడు. జిల్లా సాధించిన శూన్యమునకు తన చర్య ద్వారా భంగము కలిగించిన ఉద్యోగిని "శూన్యభంగం" అనే నేరం కింద తక్షణం తొలగించెదరు. అందుచేత పన్నెండో గడిలో పేరున్నవాడికి ఉద్యోగం ఉండదు. పన్నెండో గడి ఖాళీగా ఉంటే ఉత్తరం చెల్లదు.

"అమ్మా," అన్నాడు పురంధరరావు, "ఈ గడ్డని ఎవరు కనుక్కున్నారో తేలాలి. తేలేదాకా ఇది అనాథ గడ్డ. విచారణ జరిపించి నేరస్తుణ్ణి పట్టుకున్నాక మీకు కబురు చేస్తాం."

"ఎప్పటికి పట్టుకుంటారు?"

"తొందరేముంది?"

భావన్నారాయణ గొంతు సవరించుకున్నాడు. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు. చేతకాని పనులు ఆయన ఆఫీసులో చెయ్యడు. "శుక్రవారం సాయంత్రంతో ఈ ఫారాల పుస్తకం రద్దయిపోతుందమ్మా. జబ్బు లేని జిల్లాకి ఉత్తరాలెందుకని."

తిరుపాలమ్మ మెడలో టేపు తీసి చుట్ట చుట్టింది.

"అయితే శుక్రవారం లోపల దొంగని పట్టుకోండి. ఉత్తరం తీసుకోకుండా నేను వదలను."

విచారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు పురంధరరావు. కార్యదర్శి భావన్నారాయణ. ఇతర సభ్యులు లేరు. అనుమానం రాకూడదని వ్యానుని మాత్రం రోజూలాగే ఊళ్లకి పంపారు.

బుధవారం సాయంత్రం ఐదింటికి వ్యాను తిరిగిరాగానే సువార్తని పిలిపించారు. బల్ల మీది దీపాన్ని ఆమె ముఖం వైపు తిప్పమన్నాడు పురంధరరావు. ఆ దీపం బల్బు పోయి ఏడాదయింది. అయినా తిప్పారు.

"గత బుధవారం ఏనుగులదిన్నెలో నీవు బటను నొక్కితివా?"

"నొక్కాను సార్."

"ఒప్పుకుంటున్నావా!"

"రోజూ నొక్కుతాను సార్. పద్దెనిమిది వేల చిల్లర సార్లు నొక్కాను. నా డ్యూటీ అదే. ఆ రోజు వెలిగింది."

"వెలిగినప్పుడు ఆపివేయవలెనని నీకు తోచలేదా?"

"వెలిగితే ఆపమని ఆర్డర్లో లేదు సార్. వెలగకపోతే ఏం చెయ్యాలో మాత్రమే ఉంది."

పురంధరరావు ఆర్డరు తెప్పించి చూశాడు. నిజమే.

"వెలుగు ఎక్కడినుండి వచ్చింది?"

"ప్లగ్గులోంచి సార్."

"ప్లగ్గులోకి?"

"నేను లోపల ఉన్నాను సార్. నాకేం కనబడుతుంది?"

ఆమె వెళ్లాక పురంధరరావు చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. "బటను నొక్కడం నేరం కాదు భావన్నారాయణా. అది విధి. కరెంటు ఇవ్వడం నేరం. మన నేరస్తుడు కరెంటు ఇచ్చినవాడు."

"డ్రైవర్ని అడుగుదామా సార్?"

"డ్రైవరు విధుల జాబితా తియ్యి."

తీశారు. బండి నడుపుట, తుడుచుట, డీజిలు పోయించుట, పంక్చరు వేయించుట. కరెంటు ఇచ్చుట లేదు. జాబితాలో లేని పని ప్రభుత్వోద్యోగి చెయ్యడన్నది పురంధరరావు ఇరవై రెండేళ్ల అనుభవం. డ్రైవరు పేరు కొట్టేశారు.

గురువారం ఉదయం విచారణ సంఘం నేరస్థలానికి బయలుదేరింది. ఆఫీసు జీపు గులాబి బుడగలు తేవడానికి వెళ్లింది కాబట్టి ముందుచూపు రథంలోనే ఎక్కారు. డ్రైవరు ఏడుకొండలు, నలభై ఏళ్ల మనిషి, ఎక్కువ మాట్లాడడు. ఏనుగులదిన్నె పొలిమేరలో పోయినసారి వ్యాను ఆపినచోటే, అంగుళం తేడా లేకుండా ఆపాడు.

వ్యాను ఆగగానే తిరుపాలమ్మ వచ్చింది. ఆమె వెనకే పదిహేను మంది ఆడవాళ్లు వచ్చారు.

వ్యానుకి ముప్పై అడుగుల దూరంలో మిరపచేను. చేను గట్టున బోరు. బోరు పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో మోటారు స్టార్టరు.

"త్రీఫేజ్!" అన్నాడు పురంధరరావు నెమ్మదిగా. భావన్నారాయణకి ఒళ్లు జలదరించింది.

బోరు రైతు చలమయ్యని పిలిపించారు.

"గత బుధవారం ఇచ్చటి మోటారు నుండి అనధికార విద్యుత్ సంధానం జరిగినదా?"

"ఏందండీ?"

"మీ మోటారు కరెంటు ఎవరైనా వాడుకున్నారా అని," అన్నాడు భావన్నారాయణ.

"నాకు తెలవదండీ. ఆ రోజు నేను చేలో లేను."

"ఎక్కడున్నావు?"

"చేలో లేను గదండీ. ఎక్కడుంటే ఏం?"

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పురంధరరావు షెడ్డులోకి వంగి దూరాడు. ఒక నిమిషం తర్వాత బయటికి వచ్చినప్పుడు ఆయన రెండు వేళ్ల మధ్య ఒక గుడ్డముక్క ఉంది. షెడ్డు తలుపు మూసుకుపోకుండా గడియకి కట్టిన ముక్క. ఆకుపచ్చది, పసుపు చుక్కలది. ఒకవైపు కత్తెరతో కోసిన అంచు.

"ఇది రవికె గుడ్డ. ఈ ఊళ్లో రవికెలు కుట్టేదెవరు?"

తిరుపాలమ్మ ఒక అడుగు ముందుకి వేసింది.

"నాదే," అంది తిరుపాలమ్మ. "పోయిన వారం కుట్టిన జాకెట్టుది."

"ఎవరికిచ్చావు?"

"రోజుకి యాభై ముక్కలు వాకిట్లోకి ఊడుస్తా. ఎవురేరుకున్నారో నాకేం తెలుసు?"

ఆమె ఎదురుగా ఉన్న మనిషి ముఖంలోకే సూటిగా చూస్తూ చెప్పింది. పక్కకి ఒక్కసారి కూడా చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకుండా ఉన్నదంటే ఆమెకి తెలిసే ఉంటుందని ఎవరికైనా అర్థమవుతుంది. పురంధరరావుకి కూడా అర్థమైంది.

"అమ్మా, చెప్పేస్తే ఇప్పుడే ఉత్తరం. ఇదిగో ఫారం. ఇదిగో ముద్ర. పేరు ఒక్కటే తక్కువ."

తిరుపాలమ్మ ఫారం వంక చూసింది. ముద్ర వంక చూసింది. ఎండ ఎక్కుతోంది. పట్నం పోయే పదకొండు గంటల బస్సు దూరంగా మలుపు దగ్గర హారను కొట్టింది.

"నాకు తెలవదన్నా గదండీ."

"ఒసే తిరుపాలూ, చెప్పవే, పేణం కన్నానా!" అంది వెనకనుంచి ఒక ముసలామె.

"నా పేణానికి ఇంకోడి కూడు తీసి అడ్డం పెట్టమంటావా పెద్దమ్మా? నువ్వూరుకో."

పురంధరరావు గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. నేరపరిశోధన ఇంత తేలికని ఆయనకి ఇంతవరకూ తెలియదు.

"భావన్నారాయణా, రాయి. ఈ నేరం వల్ల లాభం పొందినది ఎవరు? ఈమె! జబ్బు ముందుగా దొరకడం అనే లాభం ఈమెకి తప్ప జిల్లాలో ఇంకెవరికీ కలగలేదు. గుడ్డ ఈమెది. జనాన్ని పోగుచేసింది ఈమె. కాబట్టి ఈమె తన గడ్డను తానే దురుద్దేశపూర్వకంగా కనిపెట్టించుకున్నది. కుమ్మక్కు ద్వారా లభించిన గడ్డ చెల్లదు. ఫారం రద్దు."

"సార్..." అన్నాడు భావన్నారాయణ.

"రాయవయ్యా. ఫారం రద్దు."

భావన్నారాయణ ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి చెప్పింది రాయలేదు. కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. పురంధరరావు తనే ఫారం అందుకుని, చించడానికి రెండు చేతులా పట్టుకున్నాడు.

"చించబాకండి సార్."

మాట వ్యాను దగ్గర నుంచి వచ్చింది. ఏడుకొండలు బండి తుడిచే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ముందుకి వచ్చాడు.

"ఆ కరెంటిచ్చింది నేనే."

"నువ్వు కాదు," అన్నాడు పురంధరరావు చిరాగ్గా. "నీ విధుల జాబితా చూశాం. నువ్వు కాలేవు."

"నేనే సార్. పన్నెండో గడిలో నా పేరు రాయండి."

తిరుపాలమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నీకేం పొయ్యేకాలమయ్యా! ఇంట్లో పిలకాయలున్నోడివి!"

"నువ్వూరుకో అక్కా."

ఈసారి భావన్నారాయణ ఆలస్యం చెయ్యలేదు. కలం మూత తీసి, ఆఫీసరుగారి చేతుల్లో ఉన్న ఫారం మీదనే, ఆ చేతుల మధ్యలోనే పేరూ హోదా రాసేశాడు. పదిహేను గడులూ నిండాయి. పురంధరరావు ఫారం వంక చూశాడు. అన్ని గడులూ నిండిన కాగితాన్ని సంతకం లేకుండా వదలడం ఆయన వల్ల అయ్యే పని కాదు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది, కలం తీసింది, సంతకం చేసింది. భావన్నారాయణ ముద్ర గుద్దాడు. ఒకసారి సరిపోతుంది. మూడుసార్లు గుద్దాడు.

కాగితం చేతికి రాగానే ఆడవాళ్లు తిరుపాలమ్మని చుట్టేశారు. ఇద్దరు ముగ్గురు బస్సుని ఆపడానికి రోడ్డు మీదికి పరిగెత్తారు. ఆమె వెళ్లలేదు. "బస్సు ఆగుద్దిలే. ఈయన్నేం చేస్తారో చూసి పోతా," అని గట్టు మీద నిలబడిపోయింది.

పురంధరరావు తేరుకున్నాడు. చేసిన సంతకం చేసేశాడు. ఇక మిగిలింది నేరస్తుడు.

"భావన్నారాయణా, వాంగ్మూలం తీసుకో. ఇతని మాటల్లోనే. ఒక్క ముక్క మార్చకు. ఎలా చేశాడో, ఎందుకు చేశాడో, అంతా."

ఏడుకొండలు చేతిగుడ్డని భుజాన వేసుకున్నాడు.

"రాసుకోండి సార్. నా పేరు ఉప్పుటూరి ఏడుకొండలు. వ్యాను డ్రైవర్ని. దీనికి ముందు తొమ్మిదేళ్లు బోరు మోటార్లకి వైండింగ్ చేశా. త్రీఫేజంటే నాకు బెదురు లేదు. ఆ రోజు పది గంటలకి చేలకి కరెంటు వదిలారు. చలమయ్య గారి మోటారు ఆపి, స్టార్టరు దగ్గర నుంచి వ్యానుకి కేబులు లాగా. తలుపు దాని మీద పడకుండా కట్టడానికి ఒక గుడ్డపేలిక ఇయ్యక్కా అని ఈమెనడిగా. దేనికని ఆమె అడగలా, నేను చెప్పలా. సువార్తమ్మకీ తెలవదు. రోజూ నొక్కే బటనే నొక్కింది. తెర వెలిగేతలికి కేక పెట్టింది. కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది, అట్టాగే పని చేసింది.

"ఎందుకంటే, సార్, నా సీటుకీ లోపలి గదికీ మజ్జన ఒక్క రేకే అడ్డం. చూడకూడదు, చూడలా. వినబడుద్ది. 'ఊపిరి బిగబట్టమ్మా, కదలబాక' అనేది సువార్తమ్మ. అందరూ బిగబట్టేవోళ్లు. దగ్గొచ్చే ముసలమ్మలు గూడా బిగబట్టేవోళ్లు. ఆ కాసేపూ వ్యాన్లో చీమ చిటుక్కుమనేది కాదు. 'ఇంక వదులమ్మా' అంటే వదిలేవోళ్లు. దిగి పోతా పోతా నా కిటికీ కాడ ఆగి, 'నాకేం లేదంట నాయనా' అని చెప్పి నవ్వేవోళ్లు. నేను గూడా నవ్వేవోణ్ణి. రోజుకి తొంభై మంది, ఎనిమిది నెలలు, కరెంటు లేని మిషను ముందర. ఇంటికి పోతే నాకు అన్నం సయించేది కాదు సార్.

"సోమవారమే ఒప్పుకుందామనుకున్నా. ఒప్పుకుంటే తాళాలు లాక్కుంటారు గదా అని ఆగా. ఆగి, సోమవారం, మంగళవారం, నిన్నా, మూడు ఊళ్లల్లోనూ బోరు చూసుకునే బండి నిలబెట్టా. నూట పద్దెనిమిది మంది. ఆ రిపోర్టులు రేపు పదిన్నరకి, మంత్రిగారొచ్చే యాళకి వస్తయ్యంట. ఏం లేదని వస్తే నేను గూడా సంతోషిస్తా. ఉందని వస్తే మాత్రం, ఎంతమందికి వచ్చినా సరే, వరసాగ్గా ఆ గడిలో నా పేరే రాసేయండి సార్. ఎవురినీ వెతకబల్లేదు."